పిల్ల నోట బువ్వ పడేదాకా

పబేడాన్, యాంగాన్
శనివారం

చి.ల.సౌ. సీతాదేవికి నీ ధర్మరాజు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. ఆ చలి దేశంలో నువ్వూ, జయా, అల్లుడూ, చిట్టి మనవరాలూ కులాసాగా ఉన్నారని నిన్న ఫోన్లో మీ గొంతులు విన్నాను గనక ఆ మాట మళ్లీ అడగను.

నువ్వు రాసిన కాగితాలని జయ ఫొటోలు తీసి పంపిందిగా, వాటిని మన వీధి చివర ఫోన్లు బాగుచేసే వాసు కొట్లో అచ్చు తీయించుకున్నాను. "ఏటి అంకుల్, ఆంటీ ఇంకా చేత్తోనే రాస్తాదా?" అని వాడికి ఒకటే నవ్వు. వాడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, అక్షరం ముక్క రాదు. మన జయకీ అంతే, అల్లుడు కృష్ణకుమార్‌కీ అంతే. మన ఉత్తరాలు మన పిల్లల చేతుల మీదుగా వెళ్తాయి, వాళ్లకి మాత్రం ఒక్క ముక్క బోధపడదు. ఎన్నోసార్లు దీనికి బాధపడ్డాను. ఈసారికి మాత్రం అదే మేలనిపించింది. ఇదీ అలాగే వస్తుంది. అల్లుడి ఫోన్‌కి పంపిస్తున్నాను, పక్క ఊళ్లో అచ్చు తీయించి నీ చేతిలో పెట్టమన్నాను.

మీరు దిగిన ఇల్లు ఫొటోల్లో చూశాను. రాతి గోడలు, పైన సున్నం, నడుముకి రెండు ముక్కలుగా కోసినట్టుండే ఎర్రటి తలుపు, గేటు మీంచి తలలు పెట్టి చూసే ఆవులు. నిజం చెప్పొద్దూ, సెలవు పెట్టుకుని ఎవరైనా సముద్రం చూడ్డానికో, గుళ్లు చూడ్డానికో వెళ్తారుగానీ, డబ్బిచ్చి మరీ ఎవరో రైతు ఇంట్లో కాపురం పెట్టడం ఏమిటని మొదట అల్లుడి మీద విసుక్కున్నాను. వాళ్ల ఫ్లాట్‌లో పోపు వేస్తేనే పొగ గంట మోగుతుందనీ, పిల్ల అన్నప్రాశనకి దీపం వెలిగించి పరమాన్నం వండాలంటే ఇలాంటి చోటే కావాలనీ నువ్వు రాశాక సర్దుకున్నాను. అబ్బాయికి మనకున్నంత భక్తి లేకపోయినా మనకంటే ముందుచూపు ఉంది.

అయినా పది రోజుల అద్దెకి కూడా పాలు పొంగించావుటే! అక్కడా గంట మోగిందనీ, ఇంటావిడ పొలంలోంచి బూట్లతో పరిగెత్తుకొచ్చిందనీ, జయ సిగ్గుతో చచ్చిపోయిందనీ చదివి, మన కొట్లో బేరగాళ్లు ఉన్నారని కూడా చూడకుండా నవ్వాను. కొత్త ఇంట్లో పాలు పొంగితే మంచిదని జయ చెప్పిందట, ఆవిడ మాడిన పొయ్యిని చూసి "మంచిదే, మరి తుడిచేది ఎవరు?" అని అడిగి, తనే గుడ్డ తీసిందట. ఆవిడెవరో గానీ నాకు నచ్చింది. నీకు సరిజోడు.

గొర్రెలకి వీపు మీద నీలం రంగు పూశారని, హోలీ ఆడించారా అని రాశావు. ఎవరి గొర్రె ఏదో తెలియడానికి పూస్తారట. ఇది నేను కనిపెట్టింది కాదు, వాసు ఫోన్లో చూసి చెప్పాడు. రాత్రి పది దాకా వెలుతురు ఉంటే దీపం ఎప్పుడు పెట్టాలి అన్నావు. నీకు ఆకలేసినప్పుడు పెట్టు. దేవుడు అక్కడి గడియారాలు చూసుకుంటాడు.

ఇక నువ్వడిగినవి. ఆవకాయ జాడీ మూత గట్టిగానే ఉంది, తడి చెయ్యి పెట్టలేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఒకరోజు మర్చిపోయి రెండో రోజు రెండు వేసుకుంటే పక్కింటి కనకరత్నం నన్ను చిన్నపిల్లాణ్ని తిట్టినట్టు తిట్టింది. కూరలు ఆవిడే పంపుతోంది. పగలు కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేసి నీళ్లు పట్టుకుంటున్నాను, లేనప్పుడు బకెట్లతో మోస్తున్నాను. వీధిలో మోకాలి లోతు వాన నీళ్లు. పెసలూ, మినుములూ అటక మీదికి ఎక్కించాను, అగరొత్తుల పెట్టె ఒకటి తడిసింది. వ్యాపారం ఉన్నంతలో ఉంది.

మీ అమ్మ గురించి కూడా అడిగావు. మోకాళ్ల నొప్పులు తగ్గాయా, నేను పంపిన నూనె రాస్తున్నారా, తమ్ముడు కోటిబాబు విసుక్కోకుండా చూస్తున్నాడా అని. ఈ మూడు ప్రశ్నలకి జవాబు ఇంతసేపూ రాయకుండా దాటేస్తున్నాను. నువ్వు ఈపాటికే గమనించి ఉంటావు. పైన "నేను క్షేమం" అని రాశాను. "మేమంతా" అని రాయడానికి చెయ్యి రాలేదు. సీతా, కూర్చో. నిలబడి చదువుతుంటే కూర్చుని చదువు.

మీ అమ్మ వెళ్లిపోయింది. మంగళవారం పొద్దున పోయింది. నీకు ఇన్నాళ్లూ చెప్పనిది నేనే.

వరసగా చెప్తాను, విను. నీ ఉత్తరం అందిన ఆదివారమే బండెక్కి ఇన్సేన్‌లో మీ అమ్మ దగ్గరికి వెళ్లాను. అప్పటికి నాలుగైదు రోజులుగా ఆమెకి ఆయాసంగా ఉంది. సయామా, అదే ఆ డాక్టరమ్మ, వచ్చి చూసి గుండె అలిసిపోయిందని, ఆస్పత్రిలో చేర్చినా పెద్దగా తేడా ఉండదని చెప్పింది. నేను వెళ్లేసరికి కోటిబాబు ఆమెని తలగడలకి చేరవేసి కూర్చోబెట్టాడు. నన్ను చూసి మంచం పక్కన స్టూలు చూపించింది.

"సీత ఏటి రాసింది బాబూ? సదువు."

మొత్తం చదివాను. పాలు పొంగించిన దగ్గర నవ్వింది. గొర్రెలకి నీలం రంగన్న దగ్గర మరీ నవ్వి దగ్గు తెచ్చుకుంది. "ఓలమ్మ, గొర్రికి రంగేటి! మనకి మొకాన థనాకా పూత ఎలాగో దానికి నీలం అలాగన్నమాట" అంది. నేను చూసిన ఆఖరి నవ్వు అది. నీ ఉత్తరమే నవ్వించింది, అది మాత్రం గుర్తుపెట్టుకో.

తర్వాత అడిగింది. "గుంటకి బువ్వ ఎప్పుడు ముట్టిస్తారు?"

"శుక్రవారం అత్తా. సీతే తినిపిస్తుంది."

కాసేపు లెక్క చూసుకుంటున్నట్టు పైకప్పు వైపు చూసింది. "అందాకా నానుండాల. ఉండలేకపోతే మాత్రం కబురెల్లకూడదు బాబూ. పిల్ల నోట బువ్వ పడేదాకా దానికి సెప్పకు."

కోటిబాబు ఊరుకోలేదు. వాడి సంగతి నీకు తెలుసుగా. "అదేటమ్మా! అక్కకి సెప్పకపోతే రేపు నా మొకం సూస్తాదా? ఒక్కగానొక్క కూతురది. ఎలా దాచేస్తాం?"

"నువ్వు నోరుముయ్యిరా. సెప్పీసేవనుకో, దానికి మైలొచ్చేస్తాది. మూల కూకుంటాది. పిల్లకి ఎవులు తినిపిస్తారు? ఆ దేశంలో దానికెవులున్నారు?"

అప్పుడు చెప్పింది, నీకూ నాకూ ఇన్నేళ్లూ తెలియని మాట. నీ అన్నప్రాశన రోజు నీకు మొదటి ముద్ద పెట్టింది పక్క గదిలో ఉండే డో ఖిన్ అని మనకి తెలుసు. బర్మా చెయ్యి తగిలింది గనకే నీకు వాళ్ల చేపల పులుసు మొహింగా అంటే ప్రాణమని పెళ్లయిన దగ్గర్నుంచీ నిన్ను ఏడిపిస్తూనే ఉన్నాను. మీ అమ్మ కూడా నాతో కలిసి నవ్వేది. ఎందుకు డో ఖిన్ పెట్టాల్సి వచ్చిందో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున పరమాన్నం దించి చల్లారబెట్టారట. నిన్ను కొత్త గౌనులో కూర్చోబెట్టారట. అంతలో పోస్టుమేను కళింగపట్నం నుంచి ఉత్తరం తెచ్చాడు. మీ అమ్మమ్మ పోయిందని అందులో ఉంది. పోయి నెల దాటిందట, ఉత్తరం రావడానికి అన్నాళ్లు పట్టింది.

"నెల్నాడు సచ్చిపోయిన మనిసికి నాకు ఆ పూట మైలొచ్చింది బాబూ. ఇన్నప్పుడే కదా మైల. నన్ను ఎనకాల వసారాలోకి పొమ్మన్నారు. తలుపు సందులోంచి సూత్తన్నాను. సీత నాకోసం సూసి సూసి ఏడుస్తంది. డో ఖిన్ ఎత్తుకుని నోట్లో పెట్టింది. ఆ ఉత్తరం సాయంత్రం వచ్చుంటే ఏటి పోయింది? మా యమ్మ ఎలాగూ తిరిగి రాదు కదా."

ఇంతకాలం ఆమె ఈ మాట మోసుకు తిరిగిందని నాకు తెలియదు సీతా. కన్నతల్లి పోయినందుకు ఏడవాలో, కన్నబిడ్డకి ముద్ద పెట్టలేకపోయినందుకు ఏడవాలో తెలియక ఆ వసారాలో కూర్చుందట. రెండూ కలిపి ఏడ్చానంది. "అది ఏ దుఃఖమో నాకిప్పటికీ ఇడదీయడం రాలేదు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. శుక్రవారం దాటాక ఎప్పుడైనా చెప్పు, ముందు మాత్రం వద్దు అంది. నేను వేశాను. కోటిబాబు లేచి బయటికి వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున కోటిబాబు రైల్వే పనికి బయల్దేరుతూ టీ ఇద్దామని పిలిస్తే పలకలేదట. కబురంది నేను వెళ్లేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను, దాని మీద నీ పేరు. "బావా, నొక్కీనా?" అన్నాడు. నేను ఆ ఫోను లాక్కుని నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. బలంగా లాక్కున్నాను. వాడు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. నీ తమ్ముడి మీద నీకు ఏ కొంచెం కోపం వచ్చినా అది నాకు చెందాలి. వాడు చెప్పాలనే చూశాడు.

ముందే చెప్పి ఉంటే నువ్వు విమానం ఎక్కేదానివి. రెండు విమానాలు మారి వచ్చేసరికి ఈ వానల్లో మీ అమ్మని ఉంచలేకపోయేవాళ్లం. ఇది నిజమే, కానీ ఇది నేను తప్పించుకోవడానికి చెప్తున్న నిజం. నువ్వు వచ్చి చేరలేకపోయినా, అక్కడే కూర్చుని ఆ రోజు ఆ గంటకి మీ అమ్మ పోయిందని తెలిసి ఉండే హక్కు నీకుంది. ఆ హక్కు నేను తీసేసుకున్నాను. ఒకవైపు ఒట్టు, మరోవైపు నువ్వు. ఆ పొద్దున నాకు ఒట్టే బరువుగా తోచింది. నీ దగ్గర తలవంచుకుని చెప్తున్నాను, ఇప్పటికీ నాకు ఏది సరో తెలియదు.

అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కోటిబాబు తలకొరివి పెట్టాడు. ఆ వాడలో వాళ్లంతా వచ్చారు, బర్మా వాళ్లు కూడా. ఒక్కటే జరగలేదు. అది నీకు చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను.

మీ అమ్మ ఆ వాడకంతటికీ శోకం ఎత్తే మనిషి. ఎవరి ఇంట్లో పోయినా ఆమె వెళ్లి గొంతెత్తి మొదటి మాట అందుకుంటేగానీ మిగతా ఆడవాళ్లకి ఏడుపు వచ్చేది కాదు. పోయినవాళ్లు ఏ వయసులో ఏ బాధ పడ్డారో, ఎవరికి ఏం పెట్టారో, అన్నీ పాటలా చెప్పి ఏడ్చేది. నా మీద కోపం ఉన్న రోజుల్లో కూడా మా నాన్న పోయినప్పుడు ఆమే వచ్చి ఎత్తుకుంది. ఆవిడ పోతే ఎత్తుకోవాల్సింది కూతురు. కనకరత్నం నా వెంట వచ్చింది, మంచం కాళ్ల దగ్గర కూర్చుని "ఓలమ్మా నా తల్లో" అని మొదలుపెట్టి, రెండో మాట రాక ఆగిపోయింది.

"కూతురెత్తుకోందే నానెలాగెత్తుతాను అన్నా?" అంది నాతో. "కూతురు లేని సోకం సోకమేటి? నా వల్ల కాదు."

మిగతా వాళ్లూ ముక్కులు చీదుకుని ఊరుకున్నారు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఊరందరికీ ఏడ్చిన మనిషిని ఒక్క గొంతు లేకుండా సాగనంపాం. ఒట్టు వేసినప్పుడు నాకు ఇది తట్టలేదు. ఆమెకి తట్టే ఉంటుంది. అయినా మునిమనవరాలి ముద్దే కావాలనుకుంది.

నిన్న శుక్రవారం మధ్యాహ్నం, మీకు పొద్దున్నే, నువ్వు ఫోన్ చేశావు. పిల్లని పీట మీద కూర్చోబెట్టాం, అమ్మచేత ఒక్క దీవెన చెప్పించండి, ముఖం చూపించండి అన్నావు. నీకు నా ముఖం కనబడకూడదని కెమెరా వేయలేదు, కరెంటు లేదన్నాను. కరెంటు ఉంది. అమ్మ పడుకుంది అన్నాను. "అయ్యో లేపకండి పాపం, నిద్ర పట్టడమే గగనం" అన్నావు నువ్వు. ఫోను పెట్టేశాక కొట్టు తలుపు సగం దించుకుని లోపల బస్తాల వెనక కూర్చున్నాను. నన్ను ఎన్ని తిట్టినా తిట్టు. నువ్వు తిట్టేవాటన్నిటికంటే ముందే నన్ను నేను తిట్టుకున్నాను.

సాయంత్రం జయ పంపిన ఫొటో చూశాను. నీ చేతిలో వెండి గిన్నె, నీ వేళ్ల చివర పరమాన్నం, పిల్ల నోరు తెరుచుకుని ఉంది. వెనక ఆ ఇంటావిడ చేతులు కట్టుకుని నవ్వుతూ చూస్తోంది. ఆ ఫొటో అచ్చు తీయించి ఇన్సేన్ తీసుకెళ్లాను. కోటిబాబు దాన్ని మీ అమ్మ దీపం పక్కన పెట్టాడు. "పనైపోనాదే అమ్మా, దాని సేత్తోనే" అని మాత్రం అన్నాడు, అది నాతో కాదు.

ఇక ఈ ఉత్తరం నీకు అక్కడే, ఆ పల్లెటూరి ఇంట్లోనే అందాలని ఎందుకు పట్టుబట్టానో చెప్తాను. అల్లుడికి నిన్న రాత్రి ఒక్కడికే చెప్పాను. "ఫ్లాట్‌కి ఎల్లాక ఇద్దునా మావయ్యా?" అన్నాడు. వద్దన్నాను. ఆ ఫ్లాట్‌లో పిల్ల నాలుగు నిమిషాలు ఏడిస్తే కింద వాళ్లు తలుపు కొట్టారని నువ్వే చెప్పావు. అక్కడ నువ్వు నోట్లో కొంగు కుక్కుకుని ఏడవాలి. మీ అమ్మకి అది సరిపోదు. ఆ ఇంటికి దగ్గరి ఇల్లు రెండు పొలాల అవతల ఉందట. మంగళవారం దాకా ఇల్లు మీదే. పంతులుగారిని కూడా అడిగాను, పెళ్లయిన ఆడపిల్లకి విన్నప్పటి నుంచి మూడు రోజులే అన్నారు. ఆ మూడు రోజులూ అక్కడే ఉండు.

ఇంటావిడకి కూడా చెప్పమన్నాను, మళ్లీ గాభరాపడి పరిగెత్తుకు రాకుండా. అల్లుడు పొద్దున్నే వెళ్లి చెప్పాడట. "సిగ్గేసింది మావయ్యా, మా అత్త గట్టిగా ఏడుస్తాది అని ఎలా సెప్పాలో తెలీలేదు" అన్నాడు. ఆవిడ విని, వాళ్ల ముత్తవ్వల కాలంలో ఆ ఊళ్లో కూడా ఆడవాళ్లు శవం దగ్గర కూర్చుని అలాగే గొంతెత్తి, పోయినవాళ్ల గురించి చెప్పి చెప్పి ఏడ్చేవారని చెప్పిందట. ఆ అలవాటు పోయి చాలాకాలమైందట. పాలు పితికే వేళ తప్ప ఇటు రానని, అప్పుడు కూడా మీ వైపు చూడనని చెప్పి పంపిందట.

జయకి ఇంకా ఏమీ తెలియదు. నువ్వే చెప్పు, నేను చెప్పడం న్యాయం కాదు. ముందు తలమీద నీళ్లు పోసుకో. అల్లుడు పిల్లని ఎత్తుకుని పొలం వైపు వెళ్తాడు. జయని నీ పక్కన కూర్చోబెట్టుకో, దానికి శోకం ఎత్తడం రాదు, విననీ. మీ అమ్మ ఓడరేవు కూలీల ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టు. ఆ వసారా గురించి చెప్పు, డో ఖిన్ గురించి చెప్పు, మీ నాన్న ఉద్యోగం పోయినప్పుడు వీధిలో గారెలు అమ్మిన సంగతి చెప్పు, కోటిబాబు గురించి చెప్పు. నా గురించి చెప్పాలనిపిస్తే అదీ చెప్పు, నీ అల్లుడే నీ కూతురి నోరు కట్టేశాడని మీ అమ్మకి చెప్పు, నేను పడతాను. ఇక్కడ మీ అమ్మ కోసం ఎవరూ ఎత్తుకోలేదు, అది నీదని వదిలేశారు. ఎవరో వింటారని గొంతు తగ్గించకు సీతా.

ఇట్లు,
మీ అమ్మకి మాటిచ్చి నీకు ద్రోహం చేసిన
ఆమె అల్లుడు, నీ భర్త
ధర్మరాజు